కూడదగినది

సావనీరు సంపాదకవర్గం మిత్రులు ఇంటికి వచ్చి, "మాస్టారూ, మీరు మన కాలేజీ పాత విద్యార్థి. పైగా ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినవారు. అందరికీ అర్థమయ్యేట్టు ఏదైనా వ్రాసివ్వండి" అన్నారు. అందరికీ అర్థం కావాలనే షరతు లెక్కల మాస్టారికి కొంచెం కష్టమైనదే. ఆలోచించి ఆలోచించి, ఒకటో తరగతి పిల్లవాడికి కూడా తెలిసిన విషయాన్నే ఎంచుకున్నాను. అది కూడిక.

కూడిక మీద వ్యాసమా అని నవ్వుకోకండి. నా విద్యార్థి జీవితంలో నేను చేసిన అతి పెద్ద తప్పు కూడికలోనే జరిగింది. కలనగణితంలో చేసిన తప్పులకు నా మార్కులు పోయాయి. కూడికలో చేసిన తప్పుకు మరొక మనిషి పరువు పోబోయింది. ఆ కథ తరువాత చెబుతాను. ముందు పాఠం.

పేరు తెలియని రెండు సంఖ్యలు

డిగ్రీ మొదటి సంవత్సరం వాళ్ళకు మొదటి రోజున నేనొక ప్రశ్న వేసేవాణ్ణి. బోర్డు మీద 7 + 5 = 12 అని వ్రాసి, "ఈ 12 ను ఏమంటారు?" అని అడిగేవాణ్ణి. క్లాసంతా ఒక్క గొంతుతో "మొత్తం" అనేది. "మధ్యనున్న గుర్తు?" "సంకలన చిహ్నం సార్." "మరి ఈ 7 ను, 5 ను ఏమంటారు?"

అంతే, నిశ్శబ్దం. వెనక బెంచీ నుంచి ఎవరో "సంఖ్యలు సార్" అనేవాడు. సంఖ్యలే నాయనా, 12 మాత్రం సంఖ్య కాదా?

చిత్రమేమిటంటే మిగతా లెక్కల్లో ఎవరి పేరు వారికుంది. గుణకారంలో గుణ్యం, గుణకం, లబ్ధం. భాగహారంలో విభాజ్యం, విభాజకం, భాగఫలం, శేషం. నాలుగు ప్రక్రియలకూ తల్లివంటి కూడికలో మాత్రం ఫలితానికి పేరుంది, ఫలితాన్ని ఇచ్చినవాటి పేరు మనకు నోట రాదు. కాపు కనబడితే చాలు, చెట్టును ఎవరు పలకరిస్తారు?

ఇంగ్లీషులో వీటికి రెండు మాటలున్నాయి. ఒకటి ఎడెండ్, రెండవది సమ్మాండ్. రెండూ లాటిన్ నుంచి వచ్చినవే. ఇంకాస్త పట్టింపుగల పాత అంకగణితకారులు రెండు సంఖ్యలకూ రెండు పేర్లు పెట్టారు. 7 + 5 లో ముందున్న 7 పెరగవలసినది కనుక ఆజెండ్, దానికి వచ్చి కలిసే 5 ఎడెండ్. ఐతే 7 + 5 అన్నా 5 + 7 అన్నా వచ్చేది 12 కనుక ఈ భేదం క్రమంగా మరుగున పడింది. ఇప్పుడు కూడికలో పాల్గొనే ప్రతి సంఖ్యా ఎడెండే. మనం కావాలంటే సంకలనీయం అనవచ్చు.

'దగిన' అనే మాట

ఈ ఎడెండ్ అనే మాట నిర్మాణం చూడండి. లాటిన్లో దాని అసలు రూపం ఎడెండమ్. "చేర్చదగినది, చేర్చవలసినది" అని దాని అర్థం. గ్రంథం చివర మరచిపోయిన విషయాలు చేర్చే పుటకు కూడా ఇదే పేరు. మన విద్యార్థి సంఘం సమావేశాలలో రోజూ వినబడే 'ఎజెండా' కూడా ఇదే అచ్చులో పోసిన మాట. ఎజెండా అంటే చేయదగిన పనులు. కంపెనీ షేర్ల మీద వచ్చే 'డివిడెండ్' పంచదగినది. లెక్కల్లో విభాజ్యం పేరు కూడా డివిడెండే.

సంస్కృతంలోనూ సరిగా ఇదే పద్ధతి. విభాజ్యం అంటే విభజింపదగినది. గుణ్యం అంటే గుణింపదగినది. పూజనీయుడు పూజింపదగినవాడు, స్మరణీయం స్మరింపదగినది. ఆ లెక్కన సంకలనీయం అంటే సంకలనం చేయదగినది. శుద్ధమైన తెలుగులో, కూడదగినది.

ఇక్కడ నేను చెప్పదలచిన అసలు సంగతి ఉంది. ఈ మాటలు పుట్టించినవారు "కూడబడిన సంఖ్య" అని ఊరుకోలేదు, "కూడదగిన సంఖ్య" అన్నారు. అంటే కూడకముందే ఒక ప్రశ్న అడగాలన్నమాట. ఇది కూడదగినదేనా? తెలుగులో ఈ ప్రశ్న మరీ అందంగా వినిపిస్తుంది. మనకు కూడిక అన్నా, కూడదు అన్నా ఒకే క్రియ. కలవడమూ అదే, తగడమూ అదే. పెద్దలు "అది కూడని పని" అంటే తగని పని అని అర్థం. కనుక కూడేవీ ఉన్నాయి, కూడనివీ ఉన్నాయి. ఈ తేడా మన భాష ఎప్పుడో చెప్పింది. వినలేదు నేను.

చింతపిక్కల లెక్క

ఇది 1975 నాటి మాట. అప్పుడు నేను బి.ఎస్‌సి. రెండో సంవత్సరం, హాస్టల్లో ఉండేవాణ్ణి. మా మెస్సు నెల ఖర్చును తిన్న రోజుల లెక్కన అందరం పంచుకునే పద్ధతి. నెలకొక విద్యార్థి సెక్రటరీ. ఒక నెల ఆ భాగ్యం నాకు పట్టింది. "లెక్కల విద్యార్థి కదా, లెక్కలు బాగా చూస్తాడు" అని అందరూ నన్ను ముందుకు తోశారు.

మా మెస్సులో తెల్లవారుజామునే మార్కెట్టుకు వెళ్ళి కూరగాయలు తెచ్చే ముసలాయన ఒకాయన ఉండేవాడు. అందరం తాతా అని పిలిచేవాళ్ళం. చదువు రాదు. ముందురోజు రాత్రి నేను డబ్బిచ్చి చిన్న నోటుబుక్కులో పద్దు వ్రాసుకునేవాణ్ణి. సాయంత్రం ఆయన వచ్చి వంకాయలకింత, దోసకాయలకింత అని చెబితే గుమాస్తా వేరే పుస్తకంలో ఖర్చు వ్రాసుకునేవాడు.

నెలాఖరున కూర్చుని కూడాను. నా నోటుబుక్కు ప్రకారం తాతకు ఇచ్చినది 550 రూపాయల 50 పైసలు. గుమాస్తా పుస్తకం ప్రకారం తాత ఖర్చు పెట్టినది 361 రూపాయల 25 పైసలు. తిరిగి ఇచ్చిన చిల్లర 3 రూపాయల 25 పైసలు. ఈ రెండూ కలిపితే 364.50. అంటే 186 రూపాయలకు లెక్క లేదు. ఆ రోజుల్లో అది తాత నెల జీతం కంటె ఎక్కువ.

మళ్ళీ కూడాను. అదే 550.50. మూడోసారి కింది నుంచి పైకి కూడాను. అదే. మూడుసార్లు ఒకే సమాధానం వచ్చింది గనుక అది నిజమేననుకున్నాను. మిత్రులారా, ఒకే తప్పును మూడుసార్లు చేస్తే అది మూడుసార్లూ ఒకేలా వస్తుందని నాకప్పుడు తెలియదు.

ఆ రాత్రి భోజనాలయ్యాక అందరూ ఉండగానే లేచి, లెక్క చదివి, 186 రూపాయలు తేలేదాకా తాత జీతం ఆపాలన్నాను. సుమారు అరవైమంది ఉన్నారక్కడ. తాత గుమ్మం దగ్గర నీళ్ళ కూజా పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏమీ అనలేదు. మర్నాడు మార్కెట్టుకు వెళ్ళాడు, కూరగాయలు తెచ్చాడు, వంటింట్లో పెట్టాడు. మెస్సులో అన్నం మాత్రం ముట్టలేదని వంటమాస్టారు చెప్పాడు. రెండోరోజూ ముట్టలేదు.

రెండోరోజు సాయంత్రం ఒక మట్టిపిడత పట్టుకుని నా గదికి వచ్చాడు. "బాబూ, నాకు కాయితం లెక్క తెల్దు. మీరు డబ్బిచ్చినప్పుడల్లా రూపాయికో చింతపిక్క ఇందులో వేసుకున్నాను. ఒకనాడు పన్నెండున్నర ఇచ్చారు. ఆ అర్ధరూపాయికి పిక్క బద్దలుగొట్టి ఒక బద్ద వేశాను. మీరే లెక్కబెట్టండి" అని పిడతను వరండాలో బోర్లించాడు.

నా గదిమిత్రుడూ నేనూ పదేసి చొప్పున కుప్పలు పెట్టి లెక్కబెట్టాము. ముప్పైఆరు కుప్పలు, నాలుగు పిక్కలు, ఒక బద్ద. అంటే 364 రూపాయల 50 పైసలు.

"తాతా, నా లెక్క 550 చూపిస్తోందే" అన్నాను. గొంతులో మునుపటి బలం లేదు.

ఆయన అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "పిక్క ఒకసారి పిడతలో పడితే మళ్ళీ పడదు గదా బాబూ. మీ కాయితంలో మళ్ళీ పడుద్దేమో చూడండి."

చూశాను. నోటుబుక్కులో ఆ నెల పద్దులు రెండు పుటల్లో ఉన్నాయి. మొదటి పుట అడుగున "వెరసి 186.00" అని వ్రాశాను. రెండో పుట తలకట్టున, పెద్దలు చిట్టా వ్రాసే పద్ధతిలోనే, "వెనుక పుట వెరసి 186.00" అని దించాను. దాని కింద కొత్త పద్దులు 178.50. రెండో పుట అడుగున వెరసి 364.50. అసలు లెక్క అక్కడే పూర్తయింది. నేనేమో నెలాఖరున రెండు పుటల అడుగున ఉన్న వెరసులనూ తీసుకుని కూడాను. 186 + 364.50 = 550.50. కూడిక తప్పు కాదు, తప్పంతా కూడరానిదాన్ని కూడటంలో ఉంది. డబ్బుపెట్టె విప్పి లెక్కచూసినా అదే 186 ఎక్కువ కనబడేది. ఒకరి మీద నింద వేసే తొందరలో నా పెట్టె నేను చూసుకోలేదు.

వెంటనే వంటింటి వెనక్కు వెళ్ళి, "తప్పు నాది తాతా" అన్నాను. ఆయన బియ్యం కడుగుతున్నాడు. తల ఎత్తకుండా, "పిక్కలు మళ్ళీ పిడతలో పోయించండి బాబూ, వచ్చే నెలకి కావాలి" అన్నాడు.

ఆ రాత్రి భోజనాలయ్యాక మళ్ళీ లేచి నిలబడ్డాను. సినిమా రోజు. పట్టుమని పదిమంది లేరు. నింద విన్నవాళ్ళు అరవైమంది, దిద్దుబాటు విన్నవాళ్ళు పదిమంది. మిగిలిన యాభైమందికి గది గదికీ తిరిగి చెప్పాను గానీ, అందరికీ చెప్పానని ఇప్పటికీ నమ్మకంగా అనలేను.

భాస్కరుడు తెలిసి చేసినది

తరువాత ఎప్పుడో లీలావతి చదువుతూంటే నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడు వ్రాసిన ఆ గ్రంథంలో సంకలితం అంటే కూడిక. 1 నుంచి ఒక సంఖ్యదాకా వరుసగా కూడినదానికి కూడా సంకలితమనే పేరు. 4 యొక్క సంకలితం 1 + 2 + 3 + 4 = 10. అంతటితో ఆగక, ఆ సంకలితాలనే మళ్ళీ కూడితే వచ్చేదాన్ని సంకలితైక్యం అన్నాడు. 1, 3, 6, 10 కూడితే 20. దీనికి సూత్రం కూడా ఉంది. 4 ను 5 చేత, దాన్ని 6 చేత గుణించి, 6 చేత భాగిస్తే 20.

ఇక్కడ 1, 3, 6, 10 ఒక్కొక్కటీ ఒక మొత్తం. కానీ సంకలితైక్యంలో అవే సంకలనీయాలు. అంటే మొత్తం అనేదీ, సంకలనీయం అనేదీ సంఖ్యకు పుట్టుకతో వచ్చిన పేర్లు కావు, అవి ఆ లెక్కలో దాని వేషం. నాటకంలో ఇవాళ తండ్రి వేషం వేసినవాడు రేపు కొడుకు వేషం వేయవచ్చు. ఒకే రంగంలో రెండు వేషాలూ తానే వేస్తేనే చిక్కు. సంకలితైక్యంలో 1 నాలుగుసార్లు, 2 మూడుసార్లు, 3 రెండుసార్లు లెక్కకు వస్తాయని భాస్కరుడికి తెలుసు. అతను కోరినది అదే. నేను నా నోటుబుక్కుకు తెలియకుండానే సంకలితైక్యం కట్టి, దాన్ని సంకలితమని అరవైమందికి చదివి వినిపించాను.

అంతకుముందు తొమ్మిదవ శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం వ్రాశాడు. పదకొండవ శతాబ్దపువాడుగా చెప్పబడే మన పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. మహావీరుడు పరికర్మలను గుణకారంతో మొదలుపెట్టాడు. మామూలు కూడిక, తీసివేతలను విడిగా చెప్పలేదు. అతని సంకలితం శ్రేఢి మొత్తం కట్టడమే. చదవడానికి వచ్చినవాడికి ఉట్టి కూడిక ఎలాగూ వచ్చి ఉంటుందని కాబోలు. మనమందరం నేటికీ అనుకుంటున్నది కూడా అదే.

ఐతే అదే గ్రంథంలో భిన్నాల అధ్యాయం పేరు కళాసవర్ణం. కళ అంటే భాగం, సవర్ణం అంటే ఒకే వర్ణం గలది. తెలుగు వ్యాకరణంలో సవర్ణదీర్ఘ సంధి చదివారు గదా, అదే సవర్ణం. 1/2 నూ 1/3 నూ నేరుగా కూడలేము. వాటిని 3/6, 2/6 గా ఒకే జాతిలోకి తెచ్చాక 5/6 అంటాము. చిన్నప్పుడు హారాలు సమానం చేయడం మాస్టారు పెట్టే శిక్ష అనుకున్నాము. నిజానికి అది కూడదగని రెంటిని కూడదగినవిగా చేయడం.

కూడకముందు మూడు ప్రశ్నలు

ఆనాటి అనుభవం తరువాత, ఎక్కడ కూడిక గుర్తు కనబడినా నాకు నేను మూడు ప్రశ్నలు వేసుకోవడం అలవాటు చేసుకున్నాను. విద్యార్థులకూ అదే చెప్పాను.

మొదటిది, ఇవి ఒకే జాతివేనా? 30 డిగ్రీల వేడిగల రెండు గ్లాసుల నీళ్ళు ఒక చెంబులో పోస్తే 60 డిగ్రీలు కావు. నీటి కొలత కూడుతుంది, వేడి డిగ్రీ కూడదు. శాతాల సంగతీ ఇంతే. ఒక సెక్షనులో 40 మందికి 60 శాతం ప్యాసయ్యారు, మరొక సెక్షనులో 60 మందికి 80 శాతం ప్యాసయ్యారు. రెండూ కూడి సగం చేసి 70 శాతం అనేవాళ్ళను స్టాఫ్ రూములో కూడా చూశాను. కూడదగినవి శాతాలు కావు, మనుషులు. 24 మందీ 48 మందీ కలిసి 72 మంది, నూటికి 72.

రెండవది, ఇవి విడివిడిగా ఉన్నాయా, లేక ఒకదానిలో ఒకటి దూరి ఉన్నాయా? మన కాలేజీలో నాటక సంఘంలో 45 మంది, ఎన్.సి.సి.లో 38 మంది ఉన్నారనుకోండి. రెంటిలో కలిపి ఎందరు? 83 అనేముందు, రెంటిలోనూ ఉన్నవాళ్ళెందరని అడగాలి. అటువంటివాళ్ళు 12 మందైతే జవాబు 45 + 38 - 12 = 71. సమితుల పాఠంలో ఇంటర్మీడియట్లోనే ఇది బట్టీపట్టాము. నా నోటుబుక్కులో మొదటి పుట 186 రూపాయలు పూర్తిగా రెండో పుట కడుపులో ఉన్నాయి. 186 + 364.50 - 186 అంటే తాత పిడతలోని 364.50 తేలేది. సూత్రం నాకు వచ్చు, వరండాలోకి తీసుకురావడం రాలేదు. చింతపిక్కకు సూత్రం అక్కరలేదు, ఒక పిక్క రెండు చోట్ల ఉండలేదు కనుక. కాగితం మీద అంకెకు ఆ అడ్డు లేదు.

మూడవది, ఇవి ఎన్ని? లెక్కకు అందేవా, అనంతమా? లెక్కకు అందినంతకాలం ఏ వరుసలో కూడినా మొత్తం ఒకటే. అనంతంగా సాగితే ఆ హామీ పోతుంది. 1 - 1/2 + 1/3 - 1/4 + ... అనే శ్రేణి మొత్తం సహజ లాగరిథమ్‌లో లాగ్ 2, సుమారు 0.693. ఇప్పుడు ఒక్క పదం కూడా మార్చకుండా, వదలకుండా, వరుస మాత్రం మార్చండి. ఒక ధన పదం తరువాత రెండు ఋణ పదాలు చొప్పున 1 - 1/2 - 1/4 + 1/3 - 1/6 - 1/8 + ... అని వ్రాయండి. ప్రతి ధన పదాన్నీ దాని పక్కనున్న ఋణ పదంతో జతచేస్తే 1 - 1/2 అంటే 1/2, తరువాత - 1/4, 1/3 - 1/6 అంటే 1/6, తరువాత - 1/8. ఇలా వచ్చేది 1/2 - 1/4 + 1/6 - 1/8 + ..., అంటే మొదటి శ్రేణిలో సరిగ్గా సగం. అవే సంకలనీయాలు, మొత్తం సగమైంది!

పదాల గుర్తులు తీసేసి కూడినా మొత్తం పరిమితంగా ఉండే శ్రేణులకు ఈ ప్రమాదం లేదని 1837లో డిరిక్లే గుర్తించాడు. మిగిలిన అభిసరణ శ్రేణులను వరుస మార్చి మనం కోరిన ఏ మొత్తానికైనా తేవచ్చని రీమాన్ 1854లో వ్రాసిన, 1867లో అచ్చయిన వ్యాసంలో చూపాడు. పదాలు అనంతమైనప్పుడు వరుస కూడా లెక్కలో భాగమే.

1 - 1 + 1 - 1 + ... అనే శ్రేణి ఇంకా చిత్రమైనది. ఆగినచోటల్లా మొత్తం 1, 0, 1, 0 అని ఊగుతుంది గానీ నిలవదు. ఆ పాక్షిక మొత్తాలనే మళ్ళీ కూడి సగటు తీస్తే 1/2 దగ్గరకు వస్తుంది. 1890లో చెజారో ఈ పద్ధతికి శాస్త్రస్థాయి కల్పించాడు. చూశారా, మొత్తాలను మళ్ళీ సంకలనీయాలుగా వాడటం ఇక్కడ విద్య అయింది. ఈ శాఖలో పేరుపొందిన గ్రంథాలలో ఒకటైన 'టిపికల్ మీన్స్' (1952) రచయితలు ఇద్దరిలో ఒకరైన మీనాక్షిసుందరంగారు వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితాచార్యులుగా ఉండేవారు. నేను మెస్సు నోటుబుక్కులో చేసిన పనే వారూ చేశారని గొప్ప చెప్పుకోవాలని ఉంటుంది. కానీ వారికి తాము చేస్తున్నదేమిటో తెలుసు. తేడా అంతా అక్కడే ఉంది.

మొత్తం దాచిపెట్టేది

ఇక చివరి మాట. సంకలనీయాలు తెలిస్తే మొత్తం తెలుస్తుంది. మొత్తం తెలిస్తే సంకలనీయాలు తెలుస్తాయా?

4 ను తీసుకోండి. ధన పూర్ణాంకాల మొత్తంగా దాన్ని ఎన్ని విధాల వ్రాయవచ్చు? 4, 3 + 1, 2 + 2, 2 + 1 + 1, 1 + 1 + 1 + 1. అయిదు విధాలు. వరుస మార్పును వేరే విధంగా లెక్కించడం లేదు. లెక్కిస్తే ఎనిమిదవుతాయి. 5 కు ఏడు విధాలు. 10 కి 42. ఇంతవరకు వేళ్ళ మీద చెప్పవచ్చు. 100 కు 19,05,69,292 విధాలు. 200 కు 39,72,99,90,29,388 విధాలు. ఈ చివరి అంకెను మేజర్ మెక్‌మాన్ యంత్రం లేకుండా చేతితో గణించాడు. 1918లో మన రామానుజన్, హార్డీతో కలిసి ప్రకటించిన సూత్రం అదే సంఖ్యను అబ్బురపడేంత దగ్గరగా చూపించింది. సంకలనీయాలుగా విడిపోయే విధానాలనే లెక్కబెట్టే ఈ విభజన సిద్ధాంతానికి రామానుజన్ చేసిన సేవ మీకు తెలిసినదే.

నాకు మాత్రం ఆ 19 కోట్ల సంఖ్య చూసినప్పుడల్లా వేరే ఆలోచన వస్తుంది. ఎవరైనా కాగితం మీద "వెరసి 100" అని ఒక్క అంకె వ్రాసి చూపిస్తే, దాని వెనక 19 కోట్లకు పైగా కథలుండవచ్చు. అందులో నిజమైనది ఏదో ఆ వంద చెప్పదు. మొత్తం నోరులేనిది. సాక్ష్యం చెప్పేవి పద్దులే.

పద్దు! ఎడెండ్ అనే మాటకు తెలుగేమిటని ఇంతసేపూ సంకలనీయమనీ, కూడదగినదనీ తడుముకున్నాము. మన అంగడి చిట్టాల్లో, మన తాతల ఆవర్జాల్లో ఆ మాట ఎప్పటినుంచో కూర్చుని ఉంది. ఒక్కొక్క వరుసా ఒక పద్దు, అన్నీ కలిపి వెరసి. చదువుకున్నవాళ్ళం మనకు వెరసి మీద ఉన్న శ్రద్ధ పద్దు మీద లేకపోయింది. లాటిన్లో మొత్తానికి పేరైన 'సుమ్మా' అంటే అన్నింటికంటె పైనుండేది అని అర్థం. ఆనాటివారు మొత్తాన్ని వరుసల పైన వ్రాసేవారట. పైన వ్రాసినా అడుగున వ్రాసినా అది పద్దుల మీద ఆధారపడి నిలిచేదే.

విద్యార్థి మిత్రులారా, ఈ సంచిక చివరి పుటల్లో ఎప్పటివలెనే మీ సంఘం కోశాధికారి నివేదిక ఉంటుంది. జమ ఇంత, ఖర్చు ఇంత, నిలువ ఇంత అని. చాలామంది వెరసి దగ్గర చూపు ఆపి పుట తిప్పేస్తారు. మీరు మాత్రం ఒక్క క్షణం పైకి వెళ్ళి, పద్దు పద్దునూ పలకరించండి. ఇది ఒకే జాతిదా, ఇంతకుముందే మరొక పద్దులో దూరి వచ్చిందా అని అడగండి. కోశాధికారిని అనుమానించమని కాదు నేను చెప్పేది. ఎవరినైనా అనుమానించవలసి వస్తే, దానికి ముందు మీ కూడికను అనుమానించమంటున్నాను.

నేను లెక్కలు చెప్పిన అన్ని ఏళ్ళూ నా బల్ల సొరుగులో ఒక చింతపిక్క బద్ద ఉండేది. తాత పిడతలోది కాదు. ఆ పిడతలోవి అన్నీ ఆయనకే తిరిగి ఇచ్చాను. ఇది నేను వేరే పిక్క కొట్టి పెట్టుకున్నది. పరీక్ష పేపర్లు దిద్ది మార్కులు కూడేటప్పుడు దాన్ని తీసి పక్కన పెట్టుకునేవాణ్ణి. ఒక కుర్రవాడి మార్కులు రెండోసారి, మూడోసారి కూడవలసి వచ్చినప్పుడు, మొత్తం సరిచూసే ముందు, కూడుతున్నవి సరైనవేనా అని చూసేవాణ్ణి. అది నాకు యూనివర్సిటీ చెప్పిన పాఠం కాదు. అయినా నేను నేర్చిన లెక్కల్లో నాకు ఎక్కువసార్లు పనికివచ్చినది అదే.